పన్నెండో కుప్ప

పంది పడ్డది మొగులయ్య బుడ్డల చేన్ల.
తరిమింది మేము, డిండి వాగు ఆవలి కంచె కాడికెల్లి.
ఈటె దిగింది మాసయ్యది.
కని దాన్ని నిలబెట్టింది కర్రి,
పక్క చీరుకపోయినా పిక్క ఇడువకుండ.

"నా చేన్ల పడ్డది, నాకో తొడ" అన్నడు మొగులయ్య
గట్టు మీదనే నిలబడి.
అడిగే తీరు అది.
చేన్లకు దిగి అడిగితే కొట్లాట,
గట్టు మీదికెల్లి అడిగితే పాలు.

మా పెద్దనాయిన కుర్మయ్య కత్తి నూరుకుంట
ఎవ్వలి మొకం సూడకుండ చెప్పుకొచ్చిండు:
పడగొట్టినోనికి తలకాయ.
చేను గల్లాయినకు ఎనక తొడ.
కుక్కకు కార్జం ముక్క,
అది తినకుంటే మట్టిల పెట్టాలె గని
మనిషి నోట్లెకు పోవద్దు.
కత్తి దిగకముందు వచ్చినోడు బాటసారైనా మనోడే,
కత్తి దిగినంక వచ్చినోనికి మంచినీళ్లియ్యుండ్రి.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.
మోదుగాకులు పరుసుడు, ఈగలు కొట్టుడు నా పని.
ఇంకోటి గూడ ఉండె, తర్వాత చెప్త.

జబ్బ కోస్తుంటె కత్తి టక్కుమన్నది.
ఎముక అనుకున్నరు. గాదు.
కొవ్వుల, సీతాఫలం గింజ తీరు,
చుట్టూ మాంసం ముదిరి కప్పుకుంటే
ఇనుప ములికి ఒకటి పండుకొని ఉన్నది.
పెద్దనాయిన ధోతి కొసకు తుడిచిండు.
ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి.

బీడి ముట్టించుకుంటున్నోడు అగ్గిపుల్ల ఆర్పిండు.

అట్ల వంకరగ సాగగొట్టుకునేది ఊర్ల ఒక్కడే,
ఒంటికన్ను ఉశన్న.
చూపు ఒక దిక్కు గుంజుతదని
ములికినే ఇంకో దిక్కు గుంజినోడు.
ఆయన పోయి అప్పటికి ఒక వానకాలం.

"సచ్చినోని ఇనుము" నవ్విండు మాసయ్య.
"నా ఈటె లేకుంటే ఇది ఇయ్యాల వాగు దాటు."
పెద్దనాయిన తలకాయ ఆయన ముందుకే జరిపిండు.
"నీ తలకాయ నీదే, కాదన్నదెవ్వలు?
కని దీని నెత్తురు మొదలు చూసింది నువ్వు గాదు.
మనిషి సస్తే పాలు సస్తదా?"

గట్టు మీద మొగులయ్య గొంతు సవరించుకున్నడు.
"తాకింది, తాకింది అనుకుంట
రెండు దినాలు ఎతికిండు పాపం.
నా బాయికాడ నీళ్లు తాగిండు.
తప్పినోడు గిట్లనే అంటడని నేనే నవ్విన."

పదకొండు కుప్పల్లకెల్లి తలా పిడికెడు తీసిండ్రు.
మాసయ్య కుప్పల చెయ్యి పెట్టుడు అందరికంటె ఎనక,
పెట్టింది ఆయనే.

ఇగ నా పని.
కుప్పలకు ఈపు పెట్టి గుట్ట దిక్కు కూసోవాలె.
పెద్దనాయిన కట్టెతో ఒక కుప్పను ముడుతడు,
"ఇది ఎవ్వలిది?" అంటడు.
చూడని నోరు పేరు చెప్పాలె, చెప్పిందే పాలు.
పదకొండు పేర్లు చెప్పిన.
పన్నెండోదానికి నాలుక తిరగలే,
పొద్దుగూకినంక సచ్చినోళ్లను పిలువొద్దంటది మా అవ్వ.

"ఇది ఎవ్వలిది?"
"బిచ్చమ్మది."
"ఆమె యేటకు రాలే. వచ్చినోని పేరు చెప్పు."

"ఉశన్నది" అన్న.
గుట్ట గూడ ఒకసారి అన్నది.

ఆకు మూట పట్టుకొని నేనే పోయిన.
బిచ్చమ్మ మూట ఇప్పలే.
"యాడ తాకింది?" అన్నది.
నా జబ్బ ముట్టి చూపిన.
"కుడిదేనా?"
"కుడిదే."
పొయ్యిల పిడక ఎగదోసి,
"ఎడమది అనుకుంటుండె" అన్నది.
జరసేపైనంక, "మరి ములికి?"

ములికి సంగతి ఎవ్వలం యాది చెయ్యలే.
దానికి పాలు లేదు, అడిగినోడు లేడు.
చూస్తే మాసయ్య.
వాకిట్లకు రాకుండ కంప దడి అవతలనే నిలబడి
ధోతి ముడి ఇప్పుతున్నడు.

కర్రి ఆ రాత్రి కార్జం ముక్క వాసన చూసి
మొకం తిప్పుకున్నది.
మట్టిల పెడుదామని పొద్దుగాల గడ్డపార పట్టుకపోతే
ఆకు గూడ నాకి పెట్టింది.